రెండో ఓడ ఏది?

నవల చివరి పేజీ తిప్పేసరికి రాత్రి రెండున్నర దాటింది. ఇంట్లో అందరూ మంచి నిద్రలో ఉన్నారు. వంటింట్లోకి వెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చి, పుస్తకాన్ని మళ్ళీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఈ రచయిత్రి పుస్తకం ఏది పూర్తి చేసినా నాకు ఏడుపొస్తుంది, కథ సుఖాంతమైనా సరే. ఇన్నాళ్ళూ ఆ మనుషులతో ఉండి ఇప్పుడు వదిలేసి రావాలే అన్న ఏడుపు అది. ఈసారి అది రాలేదు. 500 పేజీల పైన చదివాను. ఓడదొంగ ప్రేమకథ, గాలిని పిలిచే మంత్రాలు, పేరులేని దీవులు, తుఫాను. నాకోసమే రాశారా అనిపించాల్సిన కథ. పుస్తకం మూశాక నాలో మిగిలింది ఒక్క ప్రశ్న: ఇంతకీ రెండో ఓడ ఏది?

ఆవిడ పేరు గానీ నవల పేరు గానీ ఇక్కడ రాయను. ఆవిడ మనసు కష్టపెట్టాలని నాకు లేదు. ఇంగ్లీషు ఫాంటసీ రొమాన్సులు చదివేవాళ్ళు మనలో ఇప్పుడు చాలామందే ఉన్నారు కాబట్టి కొందరు పోల్చుకుంటారేమో. పోల్చుకోకపోయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఇంకా చాలా ఓడదొంగ కథల్లో ఉంది. ఆవిడ దగ్గర అది ఉండదని నమ్మాను, అందుకే ఇంత బాధ.

ఆ నమ్మకం ఊరికే రాలేదు. ఆవిడ మొదటి నవల నేను ఎంఎంటీఎస్‌లో చదివాను, లింగంపల్లి నుంచి బేగంపేటకు రోజూ వెళ్తూ వస్తూ, ఫోన్లో. అందులో నాయిక పడవవాడి కూతురు. నదిని ఆపే శక్తి ఉంటుంది ఆమెకి. ప్రేమించినవాణ్ణి సైనికుల నుంచి తప్పించడానికి ఐదు రోజులపాటు నదిని పట్టి ఉంచుతుంది. అతను బతుకుతాడు. వేరే ఎవరు రాసినా ఆ అధ్యాయం ముద్దుతో ముగిసేది. ఈవిడ ఆరో రోజు పొద్దున్న కింది ఊరి నుంచి ఒక రైతును నడిపించుకుంటూ తీసుకొచ్చింది. అతను అరవడు, శాపనార్థాలు పెట్టడు. మా కాలవలో నీళ్ళు ఆగాయి, నారుమడి ఎండిపోయింది, పైన ఏమైందో కనుక్కుని పోదామని వచ్చాను అంటాడు. అంతే. మళ్ళీ కథలో కనపడడు. కానీ ఆ తర్వాత నాయిక ఎప్పుడు నదిలో చెయ్యి పెట్టినా నాకు ఆ రైతు గుర్తొచ్చాడు. ఆమెకీ గుర్తొచ్చాడు. బేగంపేటలో దిగి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఆ పేజీ మళ్ళీ చదువుకున్నాను.

మూడో నవల్లో నాయకుడు ఒకప్పుడు రెవెన్యూ అధికారి. నాయిక ఊరిని ఖాళీ చేయించిన కాగితం మీద అతని సంతకం ఉంటుంది. ఆ సంగతి ఆమెకు 40వ పేజీలో తెలుస్తుంది. మిగిలిన నవలంతా ఆ సంతకం వాళ్ళిద్దరి మధ్య పడుకుని ఉంటుంది. ఒకే గదిలో ఉన్నా, ఒకే రొట్టె పంచుకున్నా అది అక్కడే ఉంటుంది. చివరికి ఆమె అతన్ని క్షమించినప్పుడు, ఏం క్షమిస్తోందో మనకు పూర్తిగా తెలుసు. అందుకే ఆ క్షమించడానికి అంత బరువు.

ఇలా రాయగలిగిన మనిషి ఓడదొంగల మీద రాస్తోందని తెలిసినప్పుడు నా సంతోషం ఎంతో ఊహించండి. పదకొండు నెలల ముందే ఆర్డర్ పెట్టాను. అంచులకు నీలం రంగు వేసిన గట్టి అట్ట ప్రతి. కొరియర్ అబ్బాయి తెచ్చి ఇచ్చిన రోజు సెలవు పెట్టాను.

ఓడదొంగ అంటే దొంగ. ఈ చిన్న సంగతి మీదే నా వాదనంతా నిలబడుతుంది. దొంగతనం జరగాలంటే ఇద్దరుండాలి, దోచుకునేవాడు, దోపిడీకి గురైనవాడు. సముద్రం మీద అయితే రెండు ఓడలుండాలి. ఒకదాని మీద నల్లజెండా ఎగురుతుంది. రెండోదాని మీద ఎవరో వ్యాపారి పెట్టుబడి, ఎవరో కళాసీ ఏడాది జీతం, ఎవరో పెళ్ళికూతురి నగలు, ఇంటికి వస్తున్న తండ్రి ఉంటారు. ఓడదొంగను నాయకుణ్ణి చేసే రచయితకు ఎదురయ్యే కష్టం ఇదే. మొదటి ఓడ మీది మనిషిని మనం ప్రేమించాలి, రెండో ఓడ మీది మనుషుల్ని మరచిపోకూడదు. ఆ కష్టంలోనే కథ ఉంది.

ఈ నవల్లో కెప్టెన్ గురించి మొదటి అధ్యాయం నుంచీ గొప్పగా చెబుతారు. అతని పేరు చెబితే రేవుల్లో దీపాలు ఆర్పేస్తారట, తల్లులు పిల్లల్ని ఆ పేరుతో భయపెడతారట. సరే అని ఎదురుచూశాను. మొదటి దాడి 60వ పేజీ ప్రాంతంలో వస్తుంది. ఒకటిన్నర పేజీ. ఫిరంగులు పేలతాయి, పొగ లేస్తుంది, అవతలి ఓడ జెండా దించుతుంది, మనవాళ్ళు పెట్టెలు మోసుకొస్తారు. అవతలి ఓడ మీద ఎంతమంది ఉన్నారు, వాళ్ళలో ఎవరికి దెబ్బలు తగిలాయి, తర్వాత వాళ్ళు ఏ రేవుకు ఎలా చేరారు, ఒక్క మాట లేదు. పోనీ మొదటిదేగా అనుకున్నాను. నవల మొత్తంలో నాలుగు దాడులున్నాయి. వెనక్కి వెళ్ళి ఒక్కొక్కటీ మళ్ళీ చూశాను. నాలుగింటిలోనూ దోపిడీకి గురైన ఓడ మీద ఒక్క మనిషి నోరు విప్పడు. ఒక్కడికి పేరు లేదు.

పైగా ఆ ఓడలన్నీ దుర్మార్గపు సామ్రాజ్యం పన్నుల ఓడలే. మన కెప్టెన్ పేదవాళ్ళ సొమ్ము ముట్టడు, చిన్న పడవల జోలికి పోడు, ఆడవాళ్ళ వైపు చూడడు. ఇవన్నీ అతనే చెబుతాడు, రెండుసార్లు. అప్పుడు రేవుల్లో దీపాలు ఆర్పేసింది ఎవరు? ఎందుకు? నాకు ఇక్కడే మొదటిసారి దిగులు వేసింది. నది ఆగితే కింద నారుమడి ఎండుతుందని తెలిసిన రచయిత్రి ఇది రాసిందంటే నమ్మబుద్ధి కాలేదు.

ఓడదొంగ ప్రేమకథ అనే దాని పుట్టుకలోనే ఈ రెండో ఓడను మాయం చెయ్యడం ఉంది. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి నేను ఈ కథల్ని మామూలుగా చదవలేకపోతున్నాను.

1695 సెప్టెంబరులో హెన్రీ ఎవరీ అనే ఇంగ్లీషు ఓడదొంగ గంజ్-ఇ-సవాయి అనే పెద్ద ఓడను పట్టుకున్నాడు. అది ఔరంగజేబు ఓడ. మక్కా యాత్ర చేసుకుని సూరత్‌కు తిరిగివస్తున్న యాత్రికులు అందులో ఉన్నారు, ఆడవాళ్ళు కూడా. ఓడలో బంగారం, వెండి చాలా దొరికింది. తర్వాత ఆ ఓడ మీద రోజుల తరబడి జరిగింది దోపిడీ ఒక్కటే కాదు. ఆడవాళ్ళ మీద అత్యాచారాలు జరిగాయి. కొందరు సముద్రంలో దూకారనీ, కొందరు కత్తులతో పొడుచుకుని చనిపోయారనీ అప్పటి చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. సూరత్‌లో ఉన్న ఇంగ్లీషు కంపెనీ మనుషుల్ని మొఘల్ అధికారులు బంధించారు. హెన్రీ ఎవరీ తలకు 500 పౌన్ల వెల కట్టారు, తర్వాత అది 1000 అయింది. అతను దొరకలేదు.

పద్నాలుగేళ్ళు గడిచాయి. 1709లో లండన్‌లో అతని జీవితకథ అంటూ ఒక చిన్న పుస్తకం అచ్చయింది. 1712లో ఆ కథ ఛాయలున్న నాటకం వేదికెక్కింది. అప్పటికి ప్రచారంలో ఉన్న కథ ఏమిటో తెలుసా? హెన్రీ ఎవరీ ఆ ఓడ మీద మొఘల్ రాకుమారిని చూశాడట, ఆమెను పెళ్ళి చేసుకుని మడగాస్కర్‌లో రాజై ఏలుతున్నాడట. ఆడవాళ్ళు సముద్రంలో దూకిన ఓడను ఆ కథ పెళ్ళిపందిరి చేసేసింది. ఆ కథ అచ్చువేసినవాళ్ళకి, చదివి మురిసినవాళ్ళకి సూరత్ చాలా దూరం. మనకు దూరం కాదు. ఆ ఓడ మనవైపు వస్తున్న ఓడ. అందుకేనేమో, ఓడదొంగ ప్రేమకథ చదువుతున్నప్పుడల్లా నా కళ్ళు నాకు తెలియకుండానే రెండో ఓడ డెక్ మీదికి పోతాయి.

అలాగని ఓడదొంగ ప్రేమకథలు రాయకూడదని నేను అనడం లేదు. నేను ఆ కథలు కావాలనుకునే మనిషిని. చిన్నప్పుడు అద్దె లైబ్రరీ నుంచి తెచ్చుకున్న అట్టలు ఊడిన నవలల్లో నుంచి ఈ రుచి పట్టుకుంది నాకు. అక్కడా దారి తప్పిన నాయకులు ఉండేవాళ్ళు. వాళ్ళ తప్పు తప్పుగానే ఉండేది, దాన్ని దాటి ప్రేమించాల్సి వచ్చేది. నాకు కావాల్సింది అదే. చేతికి నెత్తురంటిన మనిషిని ప్రేమించడం ఎలా ఉంటుందో చెప్పే కథ కావాలి. ఈ నవల ముందుగా ఆ చెయ్యి కడిగేసి, ఆరబెట్టి, అప్పుడు నాయిక చేతిలో పెట్టింది. ఆమెకు క్షమించడానికి ఏమీ మిగల్లేదు. అతనికి మారడానికి ఏమీ మిగల్లేదు. ఇద్దరు మంచివాళ్ళు, అందమైనవాళ్ళు, ఒక ఓడ మీద కలిశారు. మధ్యలో అడ్డంగా ఏమీ లేనప్పుడు 500 పేజీలు ఎందుకు పట్టింది?

అందుకే రచయిత్రి మధ్యలో అపార్థాలు పెట్టాల్సి వచ్చింది. అతను ఉత్తరం దాచాడని ఆమె అలుగుతుంది. ఆమె వేరెవరితోనో మాట్లాడిందని అతను అలుగుతాడు. రెండు నిమిషాలు కూర్చుని మాట్లాడుకుంటే తీరిపోయే గొడవలు. పుస్తకం ప్రకటనలో ఎనిమీస్ టు లవర్స్ అని వేశారు. వాళ్ళు ఎప్పుడు శత్రువులయ్యారో నేను వెతికి వెతికి అలసిపోయాను. ఈ మధ్య పుస్తకాలు అమ్మే పద్ధతే ఇలా అయింది. శత్రువులు ప్రేమికులవడం, ఒకే మంచం, రక్తసంబంధం లేనివాళ్ళంతా ఒక కుటుంబమవడం అని ముందే మెనూ కార్డులా వేస్తున్నారు. రచయితలు ఆ గడులు నింపుతూ పోవాల్సి వస్తోందేమో అనిపిస్తుంది. ఈ నవల్లో ప్రతి గడీ నిండింది.

నాయిక బందీగా ఓడ ఎక్కుతుంది. గవర్నర్ కూతురు, గాలిని పిలవగలదు. బందీ అంటే నాకు గుండె దడదడలాడింది. ఒక ఓడ నిండా మగవాళ్ళు, చుట్టూ నీళ్ళు, పారిపోయే దారి లేదు, ఆమె ప్రాణం ఒక మనిషి మాట మీద ఆధారపడి ఉంది. అలాంటి చోట ప్రేమ పుట్టిందంటే అది ప్రేమో, భయమో, బతకడానికి వేసిన ఎత్తో ఆమెకైనా తెలుస్తుందా? ఎంత గొప్ప ప్రశ్న! రెవెన్యూ అధికారి సంతకం మీద ఒక నవలంతా రాసిన మనిషికి ఈ ప్రశ్న వజ్రంలా దొరికింది. ఆవిడ ఏం చేసిందంటే, ఎనిమిది పేజీలు గడిచాక కెప్టెన్ తన గది తాళంచెవి ఆమెకే ఇచ్చేస్తాడు. నువ్వు ఇక్కడ అతిథివి అంటాడు. ఆమె నమ్మేస్తుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోతుంది కూడా. నేను పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాను.

ఇదేమీ కల్పనకు అందని కష్టం కాదు. నిజంగా జరిగిన కథల్లోనే ఎంత ఉందో చూడండి. 1720లో జమైకా దగ్గర జాక్ రాకమ్ ముఠాతో పాటు ఇద్దరు ఆడవాళ్ళు పట్టుబడ్డారు, ఆన్ బోనీ, మేరీ రీడ్. విచారణలో వాళ్ళకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది డొరొతీ థామస్ అనే ఆవిడ. ఒంటరిగా చిన్న పడవలో సరుకులు తీసుకెళ్తుంటే వీళ్ళు దోచుకున్నారు. ఆ ఇద్దరూ మగవాళ్ళ కోట్లు, పొడుగు పంట్లాలు వేసుకుని తలకు గుడ్డలు కట్టుకున్నారనీ, చెరొక కత్తీ పిస్తోలూ పట్టుకున్నారనీ, తర్వాత తమ మీద సాక్ష్యం చెబుతుందేమో చంపెయ్యండని మగవాళ్ళ మీద అరిచారనీ ఆమె కోర్టులో చెప్పింది. వాళ్ళు ఆడవాళ్ళని పోల్చుకున్నది కూడా ఆవిడే. నాకు ఆన్ బోనీ, మేరీ రీడ్ అంటే చిన్నప్పటి నుంచీ మోజు. డొరొతీ థామస్ పేరు తెలిసింది మాత్రం పెద్దయ్యాక. ఆ పేరు తెలిశాక ఆ ఇద్దరి మీద మోజు తగ్గలేదు, వాళ్ళు ఇంకా నిజమయ్యారు. ఇద్దరికీ ఉరిశిక్ష పడింది. ఇద్దరూ కడుపుతో ఉన్నామని చెప్పడంతో శిక్ష ఆగింది. మేరీ రీడ్ 1721లో జైల్లోనే చనిపోయింది.

మేరీ రీడ్ గురించి 1724లో లండన్‌లో అచ్చయిన ఓడదొంగల చరిత్ర ఒక ప్రేమకథ చెబుతుంది. నిజమెంతో కల్పనెంతో గానీ నాకది చాలా ఇష్టం. ఆమె ప్రేమించిన కుర్రవాడికీ ఇంకో ఓడదొంగకీ గొడవ వచ్చింది. ఒడ్డుకు దిగి కత్తులతో, పిస్తోళ్ళతో తేల్చుకోవాలని నిర్ణయమైంది. అతను చచ్చిపోతాడని ఆమెకు భయం. వెళ్ళొద్దంటే పిరికివాడని పేరు వస్తుంది. అందుకని ఆమే ఆ రెండోవాడితో కావాలని గొడవ పెట్టుకుని, తన ప్రియుడి కంటే రెండు గంటల ముందు ఒడ్డుకు దిగి, పోట్లాడి, వాణ్ణి చంపేసింది. ఒక్క పేరాలో ఎంత ఉందో! ప్రేమ ఉంది, దానికోసం చేసిన హత్య ఉంది, ప్రియుడి పరువు కాపాడిన తెలివి ఉంది. చంపినందుకు ఆమెను ప్రేమించాలా భయపడాలా అన్న తికమక మనకి మిగులుతుంది. మూడు వందల ఏళ్ళ కిందటి పేరాలో ఉన్నది నా అభిమాన రచయిత్రి 500 పేజీల్లో లేదు.

చైనా సముద్రాల్లో ఝెంగ్ యీ సావ్ అనే ఆవిడ ఉండేది. 1807లో ఓడదొంగల నాయకుడైన భర్త పోయాక మొత్తం దండును చేతిలోకి తీసుకుంది. దత్తపుత్రుడిగా పెరిగిన ఝాంగ్ బావ్‌ను సేనానిని చేసి, తర్వాత పెళ్ళి చేసుకుంది. 1810లో ప్రభుత్వంతో బేరం కుదరనప్పుడు ఆయుధం లేకుండా, ఆడవాళ్ళనీ పిల్లల్నీ వెంటపెట్టుకుని గవర్నర్ దగ్గరికి స్వయంగా వెళ్ళి మాట్లాడి లొంగుబాటు కుదుర్చుకుంది. పదిహేడు వేలమందికి పైగా లొంగిపోయారు. ఆ రోజు గవర్నర్ ఎదురుగా కూర్చున్నప్పుడు ఆమె మనసులో ఏముంది? ఎవరైనా రాస్తే ఆ నవల కోసం నేను ఇంకో పదకొండు నెలలు ఎదురుచూస్తాను.

నా స్నేహితురాలు ఒకమ్మాయి విశాఖలో ఉంటుంది, నాకంటే చిన్నది. ఇద్దరం ఒకే పుస్తకం ఒకేసారి చదివి రాత్రుళ్ళు వాయిస్ మెసేజులు పంపుకుంటాం. ఇదంతా చెబితే తను, "అక్కా, ఫాంటసీలో చరిత్ర వెతుకుతావేంటి? అది అసలు మన లోకమే కాదు కదా. ఆఫీసు టెన్షన్లతో చచ్చి ఇంటికొచ్చి చదువుకునేవాళ్ళకి అందమైన ఓడ, అందమైన కెప్టెన్ చాలు" అంది. తను తేలిగ్గా అనలేదు, నిజంగానే అంది. ఆ వారం తనకు ఆఫీసులో ఎంత కష్టంగా ఉందో నాకు తెలుసు. అందుకే ఆ మాట గురించి చాలా రోజులు ఆలోచించాను.

నేను చరిత్ర అడగడం లేదు. ఆ లోకంలో రెండు చందమామలు ఉన్నాయి, నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ లోకంలో కూడా ఓడ కొయ్యదే, మనుషులకు ఆకలేస్తుంది, నీళ్ళు పీపాల్లో ఉన్నంతే ఉంటాయి. అలసిపోయి చదివేవాళ్ళకి తేలికపాటిది చాలనడం నాకు ఒప్పుదల కాదు. నేను ఆవిడ మొదటి నవల చదివిన రోజుల్లో ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు రైల్లో నిలబడే ఓపిక కూడా ఉండేది కాదు. ఆ నది, ఆ రైతు నన్ను నిలబెట్టాయి. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు లెక్క సరిగ్గా చూస్తున్నారన్న ధైర్యం అది.

ఓడ గురించి కూడా ఒక మాట. మా అమ్మమ్మగారి ఊరు కాకినాడ దగ్గర తాళ్ళరేవు వైపు. ఆ పక్కనే కోరంగి. ఒకప్పుడు పెద్ద ఓడరేవు, ఓడలు కట్టిన చోటు. 1839 తుఫాను ఆ రేవును తుడిచిపెట్టేసింది. అయినా ఆ వైపు కొయ్య పడవలు కట్టే పని మాత్రం పోలేదు. చిన్నప్పుడు సెలవులకు వెళ్ళినప్పుడు మా మేనమామ నన్ను చూడ్డానికి తీసుకెళ్ళేవాడు. పలకల మధ్య సందుల్లో పత్తి దూర్చి సుత్తితో కొట్టేవాళ్ళు. రోజంతా ఆ చప్పుడే. నీళ్ళలో ఉన్న కొయ్యను పురుగు తొలిచేస్తుందనీ, అడుగున గుల్లలు పట్టి పడవ నడవనంటుందనీ, ఒడ్డుకు లాగి గీకి మళ్ళీ నూనె పట్టించాలనీ మామయ్య చెప్పేవాడు.

కరీబియన్ ఓడదొంగలదీ అదే బాధ. కొన్ని నెలలకోసారి ఎవరూ లేని తీరం చూసుకుని ఓడను పక్కకు పడుకోబెట్టి అడుగు గీక్కోవాల్సిందే. ఫిరంగులు దించేసి, ఓడ ఒరిగిపోయి, మనుషులంతా ఇసకలో ఉన్న ఆ రోజుల్లో శత్రువు వస్తే అంతే సంగతులు. ప్రేమకథకు ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? పరిగెత్తే ఓడ ఆగిపోయింది, కెప్టెన్ మోకాళ్ళ దాకా బురదలో ఉన్నాడు, ఆమె పారిపోవాలనుకుంటే ఇప్పుడే పారిపోవచ్చు. ఈ నవల్లో ఓడ ఒక్కసారి కూడా మరమ్మతుకు ఆగదు. ఓడలోకి ఊరిన నీళ్ళు తోడడానికి ఎవరూ పంపు కొట్టరు. ఎవరి చేతులూ తాడు కోసుకుని నెత్తురు కారవు, కెప్టెన్ చేతులైతే మెత్తగా ఉంటాయని రాశారు.

గాలి పిలిచే మంత్రం దగ్గర నాకు ఇంకా బాధేసింది. ఎదురుగాలికి ఓడ నేరుగా పోలేదు. అటూ ఇటూ కోసుకుంటూ పోవాలి, ఒక్కోసారి వారాల తరబడి ఆగిపోవాలి. నాయిక చెయ్యెత్తితే కావాల్సిన వైపు గాలి వీస్తుంది. ఎన్నిసార్లయినా. తలనొప్పి రాదు, ఆకలి వెయ్యదు. ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి తెరచాప వాలిపోయింది? ఏ రేవు దగ్గర వాన రావాల్సిన మబ్బు ఇటు మళ్ళింది? మొదటి నవల్లో నదికి రైతు ఉన్నాడు. ఈ నవల్లో గాలికి ఎవరూ లేరు.

బార్తలొమ్యూ రాబర్ట్స్ అనే ఓడదొంగ ఓడ మీద రాసుకున్న ఒప్పందం ఒకటి ఆ 1724 పుస్తకంలోనే ఉంది. ప్రతి మనిషికీ ఓటు. కెప్టెన్‌కు రెండు వాటాలు, అంతకంటే ఎక్కువ లేదు. రాత్రి ఎనిమిదికి దీపాలు ఆర్పాలి. ఓడ మీద కొట్టుకోకూడదు, ఒడ్డున తేల్చుకోవాలి. మారువేషంలో ఆడమనిషిని తీసుకొస్తే మరణశిక్ష. అంతకు ముందు తరం ఓడదొంగల గురించి 1678లో డచ్చి భాషలో వచ్చిన పుస్తకంలో దెబ్బలకు ఇచ్చే పరిహారం లెక్క ఉంది: కుడిచెయ్యి పోతే 600 వెండి నాణేలు, లేదా ఆరుగురు బానిసలు. ఒక్క వాక్యంలో రెండు ఓడలూ ఉన్నాయి చూశారా. ఒకవైపు గాయపడ్డ తోటివాడిని వదిలెయ్యని మంచితనం. అదే నోట మనుషుల్ని నాణేలుగా లెక్కపెట్టడం. ఇలాంటి మనుషుల్లో ఒకణ్ణి నాయకుణ్ణి చేసి, అతన్ని నా చేత ప్రేమింపజెయ్యగలిగిన రచయిత్రి ఆవిడ. ఆవిడకు ఆ శక్తి ఉంది. అందుకే తక్కువకు ఒప్పుకోలేకపోతున్నాను.

మన తీరానికి ఈ రెండో ఓడ బాగా తెలుసు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు కొట్టుకొచ్చి ఒడ్డున పగిలిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాగేసుకునేవాళ్ళనీ, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మిగిలిందంతా వాళ్ళకే వదిలేస్తామనీ అందులో ఉంది. ప్రాణం కంటే ధనమే ఎక్కువనుకుని సముద్రం మీద అంత సాహసం చేసి వచ్చినవాళ్ళ మీద దయతో ఇలా చేస్తున్నామంటాడు రాజు. మొదటిసారి చదివినప్పుడు ఆ మాట దగ్గర ఆగిపోయాను. దోచుకునే హక్కు చేతిలో ఉన్నవాడు రెండో ఓడ మీద నిలబడి ఒక్క క్షణం చూశాడు. రాజుకు వ్యాపారం కావాలి కాబట్టి చూశాడనుకున్నా సరే, చూశాడు కదా.

ఇక ఆ నవల్లో నాకు నచ్చిన చోటు చెప్పకపోతే అన్యాయం. 310వ పేజీ. మూడో దాడి అయిపోయింది. తెచ్చిన పెట్టెలు కింద గదిలో పడేశారు. నాయికకు నిద్ర పట్టక ఒక పెట్టె తెరుస్తుంది. పైన పట్టు గుడ్డలు. వాటి కింద సగం కుట్టిన పసిపిల్ల గౌను. సూది ఇంకా గుడ్డలోనే గుచ్చి ఉంది, దారం వేలాడుతోంది. ఆమె ఆ సూదిని తీయబోయి తియ్యదు. పెట్టె మూసేస్తుంది. ఆరు వాక్యాలు, అంతే. మెట్లు ఎక్కి పైకి వెళ్తుంది, అక్కడ కెప్టెన్ నక్షత్రాలు చూపిస్తాడు, కథ అటు వెళ్ళిపోతుంది.

ఆ ఆరు వాక్యాలు రాసింది నాకు తెలిసిన మనిషే. ఆ పేజీలో పాత రైలు టికెట్టు ఒకటి పెట్టి ఉంచాను. రెండో భాగం వచ్చే ఏడాది వస్తుందట. కొంటాను. నీలం అంచుల ప్రతి కాకుండా మామూలుదే కొంటాను. మొదటి పేజీ నుంచి చదవను ఈసారి. ముందు ఆ గౌను కుట్టినావిడ కోసం వెతుకుతాను.